చివరి ఆరు కిలోమీటర్లు: ఒక రన్నింగ్ యాప్‌తో పదహారు వారాలు

ఈ యాప్ పేరు రాయడం లేదు. మెచ్చుకోవాల్సినవి ఉన్నా, తిట్టాల్సినవీ గట్టిగానే ఉన్నాయి మరి. హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్ల రేసు) కోసం పదహారు వారాల ప్లాన్ ఇచ్చే కోచింగ్ యాప్ అనుకోండి చాలు. నాకు నలభై మూడేళ్ళు. వారానికి 24 కిలోమీటర్లు పరిగెత్తేదాన్ని. మెల్లగా పెంచుకుంటూ 48కి తీసుకెళ్తానంది యాప్.

ముందు నా పాత బాధ చెప్పాలి. నా 10కె (పది కిలోమీటర్ల పరుగు) టైమ్ 55 నిమిషాలు. పీటర్ రీగెల్ అనే ఇంజనీర్ 1977లో ఇచ్చిన ఫార్ములా ఒకటుంది. ఒక దూరంలో మన టైమ్ తెలిస్తే, ఇంకో దూరానికి ఎంత పట్టొచ్చో దాంతో లెక్క కట్టొచ్చు. దాని ప్రకారం 55 నిమిషాల 10కె ఉన్నవాళ్ళు 21.1 కిలోమీటర్లు 2:01:21లో పూర్తిచేయాలి. యాప్‌కి ముందు పరిగెత్తిన హాఫ్ మారథాన్‌లో నాకు పట్టింది 2:11:56. పదిన్నర నిమిషాలు ఎక్కడ పోయాయి?

వాచీ తీసి చూస్తే తెలిసింది. మొదటి 15 కిలోమీటర్లు సగటున 5:55 పేస్‌లో, అంటే కిలోమీటరుకు 5 నిమిషాల 55 సెకన్ల చొప్పున, బాగానే వెళ్ళాను. ఆ తర్వాత తొడలు రాళ్ళయిపోయాయి. చివరి ఆరు కిలోమీటర్లకీ పేస్ 7:05కి పడిపోయింది. ఊపిరి బాగానే ఆడుతోంది, కాళ్ళే రానంటున్నాయి. ఆ ఫార్ములా తప్పేమీ కాదు. మనం ఆ దూరానికి సరిపడా పరిగెత్తి ఉంటామని నమ్ముతుంది, అంతే. నేనేమో వారానికి మూడు రోజులు పరిగెత్తి, ఆదివారం ఒక్కరోజే 16 లాగించేదాన్ని. వారం మొత్తంలో మూడింట రెండొంతులు ఒకే పూట! ఆపై మంగళవారం దాకా మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సిందే.

యాప్ చేసిన మంచి పని ఇక్కడే ఉంది. పెద్ద పరుగును పెద్దగా పెంచలేదు. మూడు రోజుల్ని ఐదు రోజులు చేసింది. అందులో నాలుగు రోజులు 7 నిమిషాల పేస్, అంటే పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ వెళ్ళగలిగే వేగం. ఒక్కరోజే స్పీడ్. మొదట్లో ఆ నెమ్మది పరుగులు చూసి ఇదేం ట్రైనింగ్ అనుకున్నాను. కానీ మొదటి వారంలో 7 నిమిషాల పేస్‌కి 152 ఉన్న గుండె వేగం, పన్నెండో వారానికి అదే దారిలో 141కి దిగింది. ఇలా నెమ్మదిగా ఎక్కువసేపు పరిగెత్తితే కండరాల్లో సన్నటి రక్తనాళాలు, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. దాంతో కొవ్వును ఎక్కువగా వాడుకుని, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్‌ను (పిండిపదార్థపు నిల్వను) చివరి దాకా మిగుల్చుకోగలుగుతాం. యాప్‌లో ఈ సంగతి ఒక్క ముక్క కూడా చెప్పరు. పరుగు పూర్తవగానే తెర మీద కాన్ఫెట్టి, అదే రంగు కాగితాల ముక్కలు, మాత్రం చల్లుతారు.

ఇక తిట్లు. యాప్‌ని మైళ్ళలో తయారుచేసి, కిలోమీటర్లను పైన అంటించారు. అందుకే రోజూ 8.05, 9.66, వారానికి 48.28 అని కనిపిస్తాయి. 9.66 దగ్గర ఆగడానికి ఇంటి గేటు ముందు అటూ ఇటూ తిరిగిన రోజులున్నాయి. సరే, నవ్వుకుని వదిలేయొచ్చు.

ఆరో వారంలో జరిగింది మాత్రం నవ్వుకునేది కాదు. జ్వరంతో ఐదు రోజులు పడుకున్నాను. లేచి యాప్ తెరిస్తే ఎర్ర పెట్టెలో ‘బాకీ: 18.51 కి.మీ.’ అని ఉంది. ఆ బాకీని ఏడో వారానికి కలిపేసి, 35 ఉండాల్సిన దాన్ని 53 చేసింది. మా ఆయన అది చూసి, ‘అప్పులవాళ్ళు కూడా జ్వరమొస్తే ఓ వారం ఆగుతారు కదే’ అన్నారు. నేను వినలేదు, 47 పరిగెత్తాను. ఎడమ కాలి పిక్క ఎముక లోపలి అంచున, వేలితో నొక్కితే కేక పెట్టేంత నొప్పి. ఎనిమిది రోజులు పరుగు బంద్. ఊపిరి తొందరగా అలవాటు పడుతుంది కానీ ఎముకలకూ స్నాయువులకూ అంతకన్నా టైమ్ పడుతుంది. యాప్‌కి తెలియకపోతే పోనీ, నాకైనా బుద్ధి ఉండాల్సింది.

విచిత్రం ఏంటంటే ఇదే యాప్ మొదటి పేజీలో ‘వారానికి పది శాతమే పెంచుతాం, గాయాలు రావు’ అని రాసుకుంది. 2008లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో కొత్త రన్నర్లను రెండు గుంపులు చేశారు. పది శాతం నియమం పాటించిన 13 వారాల ప్లాన్‌లోనూ, మామూలు 8 వారాల ప్లాన్‌లోనూ గాయపడినవాళ్ళు దాదాపు సమానమే, ఐదుగురిలో ఒకరు. ఆ నియమం కూడా కవచం కాదన్నమాట. ఈ యాప్ దాన్నైనా పాటించలేదు.

ఆ తర్వాత, యాప్ తనంతట తానే ప్లాన్ మార్చే ఆటో అడ్జస్ట్ ఆపేసి, వారాలు నేనే దిద్దుకున్నాను. 48 చేరింది పద్నాలుగో వారంలో, అదీ ఒక్కసారే. యాప్ ఆ వారానికి బ్యాడ్జీ ఇచ్చి షేర్ చేయమంది. నిజానికి పదహారు వారాల సగటు 36. పని చేసింది ఆ 36 అని నా నమ్మకం. చివరి రెండు వారాలు పరుగు తగ్గించమంది, అది మాత్రం ఎదురు చెప్పకుండా విన్నాను.

రేసులో 2:02:08 వచ్చింది. పాత రేసు పక్కన పెట్టి చూశాను. మొదటి 15 కిలోమీటర్లలో కలిసొచ్చింది ఒక నిమిషం 45 సెకన్లు. చివరి ఆరులో ఎనిమిది నిమిషాలు! పేస్ 5:46. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర తొడల కోసం ఎదురుచూశాను, అవి ఏమీ అనలేదు. రేసుకు మూడు వారాల ముందు పరిగెత్తిన 10కె మాత్రం 55కి కొన్ని సెకన్లే తక్కువ. అంటే నా వేగం పెద్దగా పెరగలేదు, ఉన్న వేగం చివరిదాకా నిలిచింది.

ఐదుకి మూడు ఇస్తాను. వారానికి 20, 25 దగ్గర ఆగిపోయి రేసు చివర్లో కూలబడేవాళ్ళకు పనికొస్తుంది, బాకీ పెట్టెను పట్టించుకోకపోతే. ఇప్పటికే 50, 60 పరిగెత్తేవాళ్ళకు ఇందులో కొత్తగా ఏమీ లేదు.

ఇంకో లోటుంది. దీనికి దూరం తప్ప గంటలు తెలియవు. 4 నిమిషాల పేస్‌లో వెళ్ళేవాళ్ళకి 48 కిలోమీటర్లు మూడు గంటల పై మాట, నాకు ఐదున్నర గంటలు. కాళ్ళ మీద పడే భారం ఒకటెలా అవుతుంది? నిన్న తర్వాతి ప్లాన్ పంపింది, పీక్ వారం (అన్నిటికన్నా ఎక్కువ పరిగెత్తాల్సిన వారం) 64.37. నా పేస్‌కి ఏడున్నర గంటలు. నా వారంలో అంత ఖాళీ లేదు. ఆ గడిలో ‘5:30 గంటలు’ అని టైప్ చేసి సేవ్ నొక్కాను. ‘సరైన దూరం ఇవ్వండి’ అంది.