క్యూజీఐఎస్: కోరంగి మడ అడవుల మ్యాప్ గీసి చూశాక

శ్రీకాకుళంలో డిగ్రీ, పీజీ ప్రాజెక్టులు చేసే పిల్లలకి ముందే చెప్తున్నా, మ్యాపుల సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు పెట్టకండి. క్యూజీఐఎస్ పూర్తిగా ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, 2002లో మొదలైన దగ్గర్నుంచి దాన్ని బాగుచేసుకుంటూనే వస్తున్నారు. దించుకునేటప్పుడు ఎల్‌టీఆర్ (ఎక్కువకాలం సవరణలు అందే రకం) అని ఉన్న వెర్షన్ తీసుకోండి, నిలకడగా ఉంటుంది.

నేను దీంతో గీసింది కోరంగి అభయారణ్యం. గోదావరి గౌతమీ పాయ సముద్రంలో కలిసే వైపు, 1978లో ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్ల చోటు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలూ ఉచితమే, మనకి కావలసిన బ్యాండ్లలో (ఒక్కో రకం కాంతికి విడిగా ఉండే పొరల్లో) ఒక్కో పిక్సెల్ నేల మీద 10 మీటర్లు. పిక్సెళ్ల మీద లెక్కలు చేసే రాస్టర్ కాలిక్యులేటర్‌లో ఆకుపచ్చ బ్యాండ్‌లోంచి కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ తీసేసి, ఆ రెండిటి మొత్తంతో భాగిస్తే నీళ్లున్న చోటు తేలిపోతుంది. ఇక్కడిదాకా సులువే. కానీ అది మడ మధ్య పాయా, పక్కనున్న రొయ్యల చెరువా అన్నది ఆ లెక్కకి తెలీదు, దానికి రెండూ నీళ్లే. గట్లు తిన్నగా ఉండి మూలలు స్పష్టంగా ఉంటే చెరువు, వంకర్లు తిరుగుతూ సన్నబడితే పాయ, ఇలా కళ్లతో చూసి ఒక్కొక్కటీ గీయాల్సిందే, ఆ గీసే పనిలో మాత్రం క్యూజీఐఎస్‌కి నేను పూర్తి మార్కులిస్తాను, స్నాపింగ్ (గీత కొస పక్క గీతకి దానంతటదే అతుక్కోవడం) పెట్టుకుంటే పక్కపక్క చెరువుల మధ్య సందులు రావు. చిత్రం తీసిన వేళకి సముద్రం పోటు మీదుందో పాటు మీదుందో కూడా చూసుకోండి. అది చూడకుండా రెండేళ్ల చిత్రాలు పక్కన పెట్టి అడవి తగ్గిపోయిందని రాసేస్తే అన్యాయం, బురద మేటలు రోజూ మునిగి తేలేవే కదా.

నచ్చనిది ఒకటుంది. లేయర్‌కి సీఆర్‌ఎస్ (దాని అంకెలు ఏ కొలత పద్ధతివో చెప్పేది) అంటగట్టడం వేరు, రీప్రాజెక్ట్ చెయ్యడం, అంటే ఆ అంకెల్నే ఇంకో పద్ధతిలోకి మార్చడం వేరు, కొత్తవాళ్లకి ఆ తేడా తెలిసేలా మెనూలు లేవు. మన జిల్లాలో ఇది పెద్ద టెన్షన్, ఎందుకంటే 84 డిగ్రీల రేఖాంశం జిల్లాలోంచే పోతుంది: నాగావళి మొగ భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టే యూటీఎం పద్ధతిలో 44వ జోన్‌లో, వంశధార మొగ 45లో. కోరంగికి 44 సరిపోతుంది, సోంపేట బీల (చిత్తడి నేల) గీసేవాళ్లకి 45 కావాలి. జోన్ తప్పుగా అంటగడితే బీల వందల కిలోమీటర్ల అవతల కనిపిస్తుంది.

తెలుగు పేర్లు రాసుకోవాలంటే షేప్‌ఫైల్ (మ్యాపు దాచే పాత రకం ఫైలు) వద్దు, కాలమ్ పేరు పది అక్షరాల్లోపే ఉండాలి దానికి, జియోప్యాకేజీ అనే కొత్త రకం ఫైలులో దాచుకోండి. మామూలు ల్యాప్‌టాప్ అయితే ఉపగ్రహ చిత్రం టైల్ (దించుకునే ఒక్కో ముక్క) మొత్తం వెయ్యకుండా ముందు అభయారణ్యం హద్దు వరకు క్లిప్ చేసుకోండి, హాయిగా నడుస్తుంది.