స్కిప్ వించ్‌కి అబ్సల్యూట్ ఎన్‌కోడర్: 2019 నుంచి వాడుతున్నాను

గరివిడి దగ్గర ఒక ఫెర్రో అల్లాయ్స్ ప్లాంటులో నాది ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్. ముడిసరుకును కొలిమి పైకి చేర్చే స్కిప్ వించ్ (బకెట్‌ని తాడుతో లాగే యంత్రం) డ్రమ్ముకి 2019లో పాత ఎన్‌కోడర్, అంటే డ్రమ్ము ఎంత తిరిగిందో కొలిచే సెన్సార్, తీసేసి అబ్సల్యూట్ మల్టీటర్న్ రకం బిగించాం. ధర బాగా ఎక్కువే, అయినా మళ్లీ ఇదే కొంటాను.

పాతది ఇంక్రిమెంటల్. లోపల గీతలున్న గాజు బిళ్ల తిరుగుతుంది, ఒక పక్క ఎల్‌ఈడీ, ఇంకో పక్క వెలుతురు పట్టే సెన్సార్. చుట్టుకి 1024 పల్సులు. ఏ, బీ అని రెండు లైన్లు 90 డిగ్రీల తేడాతో వస్తాయి కాబట్టి ఏది ముందొచ్చిందో చూసి బకెట్ ఎక్కుతోందా దిగుతోందా అన్నది పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపే కంట్రోల్ కంప్యూటర్) పట్టుకుంటుంది. కానీ అది పల్సులే పంపుతుంది, తానెక్కడున్నదీ చెప్పలేదు. వానాకాలం రాత్రి కరెంటు పోయి వచ్చిందంటే లెక్క పోయినట్టే. "బకెట్ ఎక్కడున్నాదో తెల్డం లేదు బావ్" అని ఆపరేటర్ ఫోన్ చేసేవాడు, నేను టార్చి పట్టుకుని పరిగెత్తి, కింది లిమిట్ స్విచ్ తగిలేదాకా మెల్లగా దింపించి మళ్లీ సున్నా పెట్టేవాణ్ని.

కొత్తదాంట్లో ఒక్కో కోణానికి ఒక్కో కోడ్. 13 బిట్లు, అంటే చుట్టులో 8192 స్థానాలు. ఎన్ని చుట్లయ్యాయో లోపలి చిన్న పళ్లచక్రాలు గుర్తుపెట్టుకుంటాయి, సెకన్ల ముల్లు తిరిగితే నిమిషాల ముల్లు జరిగినట్టు. కరెంటు లేనప్పుడు డ్రమ్ము జారినా చక్రాలూ తిరుగుతాయి, కరెంటు రాగానే సరైన అంకె తెరమీద ఉంటుంది.

మొదటిది మాత్రం ఏడాది దాటగానే పోయింది. తప్పు దానిది కాదు, బిగించినవాళ్లు రెండు షాఫ్టుల్ని కలిపే కప్లింగ్ వంగని గట్టిది వేశారు, షాఫ్టుల సెంటర్ కలవక బేరింగ్ అరిగిపోయింది. ఫ్లెక్సిబుల్ కప్లింగ్ వేశాక ఆ బాధ లేదు. ఎన్‌కోడర్ కేబుల్‌ని వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) మోటారు కేబుల్‌తో ఒకే ట్రేలో లాగకండి, అంకెలు ఎగిరిపడతాయి.

దుమ్ముకి, వెలుతురు బదులు అయస్కాంతంతో కోణం చదివే మ్యాగ్నెటిక్ రకం మేలంటారు, నిజమే, కన్వేయర్ల మీద మాకు బాగా పనిచేస్తోంది. కొలిమి దగ్గర కాదు. ఎలక్ట్రోడ్లలో వేల ఆంపియర్లు పారతాయి, ఆ అయస్కాంత క్షేత్రానికి రీడింగ్ పక్కకి పోయింది, చివరికి దుమ్మూ నీళ్లూ చొరబడని ఐపీ67 సీలున్న, వెలుతురుతో చదివే ఆప్టికల్‌దే పెట్టాం.

లాడిల్ (కరిగిన లోహం పట్టే పాత్ర) వంచే చోట పెట్టిన టిల్ట్ సెన్సార్, అంటే వంపు కొలిచేది, సంగతి వేరు. అందులో సన్నని సిలికాన్ స్ప్రింగుల మీద వేలాడే చిన్న బరువు భూమ్యాకర్షణకి ఎటు లాగితే అటు కోణం. క్రేన్ అదిరితే అదీ అదురుతుంది. ఫిల్టర్ పెంచితే అంకె నిలకడగా ఉంటుంది గానీ ఆలస్యంగా వస్తుంది, అందుకే వంపు వేగం తగ్గించాల్సొచ్చింది.

మల్టీటర్న్ కొనేటప్పుడు చుట్ల లెక్క గుర్తుపెట్టుకునేది పళ్లచక్రాలతోనా, బ్యాటరీతోనా అని అడగండి. బ్యాటరీదైతే మార్చాల్సిన తేదీ మూతమీదే రాసి పెట్టుకోండి.