రష్యన్ తారుమారు పాటలా, ఉజ్బెక్ నలభై అబద్ధాలా: పిల్లలకు ఏవి మేలు?

అర్థంపర్థం లేని జానపదం పిల్లలకు చెప్పాలనుకునేవాళ్లు తరచూ అడిగేది ఇదే: రష్యన్‌వి చెప్పాలా, ఉజ్బెక్‌వా? చూడాల్సింది ఒక్కటే. అందులోని తప్పును పిల్లలు దిద్దగలరా, లేదా?

రష్యన్ 'నెబిలీత్స'లో, అంటే జరగనివి జరిగినట్టు చెప్పే పాటలో, దిద్దగలరు. "రైతు పక్కనుంచి ఊరు వెళ్తోంది, కుక్క కిందనుంచి గేటు మొరిగింది." ఊరినీ రైతునూ, గేటునూ కుక్కనూ అటుదిటు చేస్తే మామూలు మాట తిరిగొస్తుంది. ఈ రకానికి 'పెరెవ్యోర్తిష్' (తారుమారు పాట) అని పేరుపెట్టింది రష్యన్ పిల్లల రచయిత కొర్నేయ్ చుకోవ్‌స్కీ. ఆయన కూతురు రెండేళ్లు నిండకముందే కుక్క మ్యావ్ అంటుందని చెప్పి తెగ నవ్విందట. ఏది ఎలా అరుస్తుందో అప్పటికే గట్టిగా తెలుసు కాబట్టే ఆ నవ్వు. తెలియని పిల్లలు నవ్వరు, నమ్మేస్తారు. తెలుగులో చెప్పేటప్పుడు ఒక్కో పాదంలో ఒక్క జతనే మార్చండి. క్రియను కూడా మార్చేశారో, వెనక్కి తిప్పుకునే దారి మూసుకుపోతుంది.

ఉజ్బెక్ కథ ఎత్తుకోవడమే "ఉందట, లేదట, ఆకలట, కడుపునిండట" అని. వెంటనే తోడేలు బకావుల్ (ఖాన్ వంటశాల పెద్ద), నక్క యసావుల్ (కొలువు భటుడు), తాబేలు తూకాలవాడు, కప్ప అతనికి బాకీ. తోడేలు చేతికి వంటశాల ఇవ్వడం ఉత్త వింత కాదు, కొలువు మీద ఎత్తిపొడుపు కూడా. దీన్ని ఆగకుండా చెప్పాలి. మధ్యలో బకావుల్ ఎవరో వివరిస్తే లయ చెడుతుంది, 'వంటపెద్ద' అనేస్తే సరి.

ఉజ్బెక్‌వాటి అసలు బలం అబద్ధాల కథలో ఉంది. రాజకుమార్తెను పెళ్లాడాలంటే మూడు అబద్ధాల్లో నలభై అబద్ధాలు ఇమడ్చాలి. మూడు కుండలు దొరికాయి, రెండింటికి చిల్లులు, మూడోదానికి అడుగే లేదు. వండింది ఆ మూడోదాంట్లోనే! ఎటు తిప్పినా దీనికి సరైన రూపమంటూ దొరకదు. రెండింటి సంగతి చెప్పి, క్షణం ఆగి, అప్పుడు మూడోది చెప్పాలి. అంతసేపూ పిల్లలు మూడో కుండ మీద ఆశ పెట్టుకుంటారు, ఆ ఆశ భగ్నమైనప్పుడే నవ్వు. చెప్పేవాళ్ల మొహం మాత్రం సాక్ష్యం చెబుతున్నట్టు ఉండాలి.

నాలుగైదేళ్లవాళ్లకు రష్యన్‌వే నయం. తప్పు పట్టడమే వాళ్లకు ఆట, రెండు పాదాలు వినగానే కిటుకు పట్టి సొంతంగా అల్లేస్తారు. కానీ ఆ కిటుకు తెలిశాక కొత్తదనం త్వరగా అయిపోతుంది. ఏడేళ్లు దాటినవాళ్లకు నేనైతే అబద్ధాల కథే ఇస్తాను.

తెల్ల ఎద్దు కథలా ముగింపు లేకుండా మళ్లీ మళ్లీ మొదటికొచ్చే రష్యన్ విసిగింపు కథలు ఇంకో కథ కావాలని మారాం చేసేవాళ్లను వదిలించుకోవడానికి పనికొస్తాయి, అంతే. 'ఎనికి-బెనికి' వంటి, ఆటలో దొంగను ఎంచడానికి పంటలు వేసే పాటలను అనువదించకండి, శబ్దాన్ని అలాగే ఉంచండి.