చంటిపిల్లల దోమతెర పరుపులకి కలరా ఉండల వాసన: కొనేముందు ముక్కుతో చూసుకోండి

గొడుగులా మడిచే దోమతెర పరుపు కొనబోతున్నవాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. మన డెల్టాలో దోమతెర లేకుండా పసిపిల్లల్ని పడుకోబెట్టే ఇల్లు ఉండదు కాబట్టి వీటికి ఏడాది పొడుగునా గిరాకీయే. ఆ గిరాకీ చూసుకుని గోడౌన్‌లో మగ్గిన సరుకుని కొత్తదని అంటగడుతున్నారు, వాసనేంటని అడిగితే దాన్ని పోగొట్టే సరుకు కూడా వాళ్ళే అమ్ముతున్నారు.

మా చెల్లి పురుటికి వచ్చింది, బారసాల దగ్గర పడుతోందని భీమవరంలో ఒక పిల్లల సామాన్ల షాపులో సెట్టు తీసుకున్నాం: పరుపు, తెర, చిన్న తలగడ, కింద వేసే రబ్బరు షీటు. ఇంటికొచ్చి కవరు జిప్పు లాగితే గది మొత్తం వాసన. అందులో ఫోము, రెక్సిన్ల కొత్త వాసన ఒకటి. దాని వెనకాల ఇంకొకటి ఉంది, పట్టుచీరల బీరువా తలుపు తీసినట్టు. తెర విప్పి దులిపితే అంచు కుట్టులో తెల్లటి నూక, మడతలో అరిగి శనగగింజంతైన కలరా ఉండ దొరికాయి. పురుగు పట్టకుండా వేసి, తీయడం మర్చిపోయి, అలాగే అమ్మేశారన్నమాట.

షాపుకి ఫోన్ చేస్తే ఆయన కంగారేమీ పడలేదు. "కొత్త సరుకు కదండీ, అలాగే ఉంటదండి. డాబా మీద ఎండలో పడేసి, మా దగ్గర నేచురల్ స్ప్రే ఉందండి, అది కొట్టండి, పోద్దండి" అన్నాడు. తమ్ముడు వెళ్ళి ఆ స్ప్రే కూడా తెచ్చాడు. ఆకుపచ్చ లేబులు మీద వేపాకు బొమ్మ, నిమ్మగడ్డి బొమ్మ, "100% సహజం" అన్న మాట ఉన్నాయి. లోపల ఏముందో లేదు, ఎవరు తయారు చేశారో లేదు, అడ్రసు లేదు. కొట్టాక నిమ్మగడ్డీ కలరా ఉండలూ కలిసిన వాసన వచ్చింది, అంతే. సువాసన తగిలించినంత మాత్రాన కింద ఉన్న రసాయనం ఎక్కడికీ పోదు, మన ముక్కుకి తెలియకుండా దాక్కుంటుంది, అది ఇంకా ప్రమాదం.

ఈలోగా బాబుని చెకప్‌కి తీసుకెళ్తే పిల్లల డాక్టరుగారు కామెర్లు చూస్తూ, బట్టల్లో గానీ పక్కల్లో గానీ కలరా ఉండలు వేస్తారా అని ఆవిడే అడిగారు. కొన్న పరుపు సంగతి చెప్పగానే "అది బాబు దగ్గరికి రానివ్వకండి" అన్నారు. కలరా ఉండల్లో మామూలుగా ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా పుట్టిన పిల్లలకి దాని ఆవిరి తగిలినా, దాంట్లో దాచిన బట్టలు వేసినా రక్తంలో ఎర్రకణాలు పగిలిపోతాయి, కామెర్లు బాగా ముదిరితే మెదడుకే దెబ్బ. ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువ, పైకి చూస్తే తెలియదు, రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది. మా బాబుకి అదృష్టం కొద్దీ లోపం లేదని వచ్చింది, పైగా ఆ పరుపు మీద వాణ్ణి ఒక్కసారీ పడుకోబెట్టలేదు.

ఆవిడ చెప్పిన ఇంకో మాట మన ఇళ్ళకి అచ్చంగా సరిపోతుంది. నాఫ్తలీన్ నీళ్ళలో దాదాపు కరగదు గానీ నూనెలో కరుగుతుంది. మనం రోజూ నువ్వులనూనో కొబ్బరినూనో పట్టించి, స్నానం చేయించి, ఒంటికి ఇంకా జిడ్డు ఉండగానే పొత్తిగుడ్డలో చుట్టి పడుకోబెడతాం కదా, ఆ గుడ్డకి ఈ వాసన ఉంటే నూనె ఒంటి ద్వారా అది లోపలికి ఇంకా తేలిగ్గా వెళ్తుంది. అందుకే బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన అమ్మమ్మల కాలం పొత్తిళ్ళు, ఉయ్యాల చీరలు కూడా ముందు బాగా గాలికి ఆరేసి వాసన పూర్తిగా పోయాక, ఉతికి, అప్పుడు వాడండి. గాలికి వేయకుండా ఉతికితే లాభం తక్కువ. ఫోములోకి దిగితే మాత్రం దాన్ని ఇంట్లో వదిలించే మార్గం చూడకండి, తిరిగి ఇచ్చేయడమే.

కలరా ఉండలు కాకుండా ఉత్త కొత్త వాసనైతే ఇంటి పద్ధతులు కొంత పనిచేస్తాయి, అన్నీ కాదు. కొత్త బట్టలకి ముడత పడకుండా ఫార్మాల్డిహైడ్ పట్టిస్తారు, అది నీళ్ళలో కరుగుతుంది కాబట్టి జాడించి రెండుసార్లు ఉతికితే చాలావరకు పోతుంది. ఫోము ఉతికే వస్తువు కాదు. దానికి కావలసింది గాలి. కవరు తీసి నిలబెట్టి, కిటికీలు తెరిచి ఫ్యాను వేసి, బాలింత గదిలో కాకుండా వేరే గదిలో ఉంచాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో రోజుల తరబడి వేస్తే ఫోము పసుపెక్కి పొడిపొడి అవుతుంది. ఇంక శ్రావణం నుంచి కార్తీకం దాకా మన ముసురు సంగతి తెలిసిందే, తడి గాలికి వదిలేస్తే రసాయనం వాసన పోయి బూజు వాసన వస్తుంది, చంటిపిల్లలకి అదీ మంచిది కాదు.

వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి దులిపేయమని చాలామంది చెబుతారు. ఉచ్చ వాసనకీ, పులిసిన పాల వాసనకీ బాగుంటుంది. పెయింటు, జిగురు లాంటి వాసనలకి పెద్దగా లాభం ఉండదు, పైగా ఆ పొడి కుట్లలో మిగిలితే పిల్లల ముక్కులోకి వెళ్తుంది. బొగ్గు సంగతి వేరు. నీళ్ళ ఫిల్టర్లలో వాడే యాక్టివేటెడ్ కార్బన్‌ని కొబ్బరి చిప్పల నుంచి తయారు చేస్తారు, అది వాసనల్ని పట్టుకుంటుంది, సంచుల్లో దొరుకుతుంది, పరుపుతో పాటు మూసిన పెట్టెలో పెట్టొచ్చు. పెరట్లో కాల్చిన చిప్పల బొగ్గు కూడా పనికొస్తుంది గానీ ఆ శక్తి ఉండదు. వెనిగర్ కలిపిన నీళ్ళతో రెక్సిన్ తుడవొచ్చు. దాన్ని బ్లీచింగ్‌తో మాత్రం కలపకండి, క్లోరిన్ గ్యాసు వస్తుంది, బాత్రూమ్‌లో అయితే ఊపిరాడదు.

మా అమ్మ సాంబ్రాణి పొగ వేస్తే అన్నీ పోతాయంది. అమ్మ మాట కాదనడం కష్టమే, కానీ పొగ వాసనని కప్పుతుంది, పిల్లాడి ఊపిరితిత్తుల్ని ఇబ్బంది పెడుతుంది. కర్పూరం బిళ్ళలు అసలొద్దు, చంటిపిల్లలకి కొద్దిగా లోపలికి వెళ్ళినా ఫిట్స్ వచ్చే వస్తువు అది. యూకలిప్టస్ తైలం చుక్కలదీ ఇంచుమించు అదే కథ.

ఇక షాపు సంగతి. వాపసు తీసుకోమంటే గోడ మీద బోర్డు చూపించాడు, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని. మాకిచ్చిన కాగితం మీద కూడా బిల్లు అని లేదు, "ఎస్టిమేట్" అని ఉంది. తెలియనివాళ్ళు అక్కడితో ఊరుకుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపారం కిందికి వస్తుంది, లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకోను అనడం కూడా. ఈ మాట అనగానే ఆయన గొంతు కొంచెం తగ్గింది గానీ డబ్బులు మాత్రం ఇంకా ఇవ్వలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం.

మీరు కొనేటప్పుడు షాపులోనే కవరు విప్పించండి, తెర పూర్తిగా తెరిచి మడతల్లో చెయ్యి పెట్టి చూడండి, ముక్కు దగ్గర పెట్టుకోండి. షాపులో అగరుబత్తి వెలుగుతుంటే బయటికి తెచ్చి వాసన చూడండి, సిగ్గుపడకండి. బిల్లు అడగండి, జీఎస్టీ నంబరు ఉన్నదే. ఫోన్‌పేలో కట్టండి, ఆ స్క్రీన్‌షాట్ దాచండి. మాకు పనికొచ్చింది అదొక్కటే. ఇలా మడతల్లో కలరా ఉండ దొరికితే దాన్ని కూడా పారేయకుండా, మూత బిగించిన సీసాలో వేసి పిల్లాడికి దూరంగా పెట్టి ఫోటో తీయండి, ఫిర్యాదుకి అది జతచేయాలి.