చైనీస్‌లో నోరు తెరిపించిన ఫోటో కథలు

చైనీస్ చదవడం, రాయడం ఎలాగోలా వస్తాయి, నోరే పెగలదు. అమీర్‌పేటలో నేను చేరిన కోచింగ్‌లో బ్యాచ్ నిండా జనం, మాట్లాడే వంతు వచ్చేలోపు క్లాసు అయిపోయేది. అందుకే డిజిటల్ స్టోరీటెల్లింగ్ పట్టుకున్నాను. నాలుగైదు ఫోటోలు, వాటిమీద నా గొంతుతో రెండు నిమిషాల కథ, అంతే. 1990ల్లో కాలిఫోర్నియాలో మామూలు మనుషులు సొంత కథలు చెప్పుకోవడానికి మొదలైన పద్ధతి, తర్వాత భాషా తరగతుల్లోకీ వచ్చింది. నేను వాడబట్టి ఏడాది దాటింది.

సికింద్రాబాద్ మోండా మార్కెట్ మీద నేను చెప్పిన కథే తీసుకోండి. చైనీస్‌లో కొనడమూ 'మై', అమ్మడమూ 'మై'. కొనేటప్పుడు స్వరం కిందికి దిగి లేస్తుంది, అమ్మేటప్పుడు పైనుంచి ఠక్కున పడుతుంది. క్లాసులో అటూఇటూ అయినా సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుని వదిలేస్తారు. రికార్డింగ్ వదలదు. ఆ ఆడియోని ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే గొంతు ఎగుడుదిగుళ్లు గీతలా కనిపిస్తాయి. చైనీయుల రికార్డింగ్ పైన, నాది కింద పెట్టుకుని చూస్తాను. మూడో స్వరం (దిగి లేచేది) మాటలు రెండు పక్కపక్కన పడితే మొదటిది రెండో స్వరంగా (పైకి లేచేదిగా) మారుతుందని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, 'నీ హావ్' (నమస్కారం)లో ఆ గీత పైకి లేవడం చూశాకే నాకు నోటికెక్కింది.

స్క్రిప్టు మొత్తం రాసుకుని చదివితే మాత్రం దండగ, పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. ఒక్కో ఫోటోకి రెండు మూడు మాటలు రాసుకుని, మిగతాది అప్పటికప్పుడు చెప్పాలి. ట్రాన్సిషన్లు, మ్యూజిక్ జోలికి పోతే ఆదివారం హుష్‌కాకి, చైనీస్ ఒక్క ముక్క పెరగదు.

హెచ్‌ఎస్‌కేకే అనే చైనీస్ మౌఖిక పరీక్ష మధ్యస్థాయిలో బొమ్మ చూసి మాట్లాడే ప్రశ్నలకి ఈ సాధన నేరుగా పనికొచ్చింది. సంభాషణకి అంతగా రాలేదు. ఆఫీసులో చైనాలోని షెన్‌జెన్ వాళ్లతో కాల్‌లో నేను చెప్పాల్సింది గడగడా చెప్పేస్తాను, మధ్యలో ఎవరైనా 'ఎందుకు?' అన్నారో, బండి ఆగుతుంది. కథకి ఎదురు ప్రశ్న ఉండదు కదా! 2020 జూన్‌లో మన దగ్గర చైనా చాట్ యాప్ వీచాట్ నిషేధించాక, చైనాలో ఉన్నవాళ్లకి వీడియో పంపి ఎలా ఉందో అడగడమూ తేలిక కాదు. ఇప్పుడు కథ అయ్యాక తోటి విద్యార్థి చేత మూడు ప్రశ్నలు అడిగించుకుని, జవాబులూ రికార్డు చేస్తున్నాను. ఇది కలిపితే నాలుగు స్టార్లు, లేకపోతే మూడే. పిన్‌యిన్ (చైనీస్ ఉచ్చారణని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి) ఇంకా కుదరనివాళ్లు మాత్రం కొన్నాళ్లు ఆగండి, వంకర పలుకుబడి గట్టిపడితే తర్వాత వదిలించుకోవడం మహా కష్టం.