విజయనగరంలో ఒక ఛాతీ వైద్యశాల: తొందరపడని నిర్ధారణ

మా పెదనాన్నగారి పిల్లికూతలను ఆస్తమాగా భావించి వేరొకచోట నెలల తరబడి ఇన్‌హేలర్ వాడించినా ఆయాసం తగ్గకపోవడంతో, విజయనగరం కంటోన్మెంట్‌లోని ఈ వైద్యశాలకు తీసుకువెళ్లాము. డాక్టరుగారు సీటీ స్కాన్‌లో కుడి శ్వాసనాళం గోడకు ఆనుకొని ఉన్న గడ్డను మాకు వేలితో చూపించి, బ్రాంకోస్కోపీ (శ్వాసనాళంలోకి కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి చూసే పరీక్ష) ద్వారా ముక్క తీసి బయాప్సీకి పంపారు. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అని తేలింది. ఈ అరుదైన క్యాన్సర్ ఎక్కువగా లాలాజల గ్రంథుల్లో పుడుతుంది కనుక, అక్కడి నుంచి పాకినది కాదని నోరు, మెడ పరీక్షించి నిశ్చయించుకున్న తరువాతే, ఊపిరితిత్తిలోనే పుట్టిందని రాసిచ్చారు. ఆ జాగ్రత్తే నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. బయాప్సీ ముక్కతో తయారుచేసిన గాజు స్లైడ్లు, మైనపు బ్లాకులు అడగకుండానే ఇచ్చి, రెండో అభిప్రాయానికి విశాఖ వెళ్లమన్నారు. రిపోర్టులు మాత్రం ఆలస్యమవుతాయి. రోగుల వెంట వచ్చినవారు కూర్చోవడానికి చోటు చాలదు.