ఐదు కిలోల వాద్యం: కడప కచేరీల్లో జూనో డీఎస్ 61

రోలాండ్ కంపెనీ 2015లో విడుదల చేసిన జూనో డీఎస్ 61 అనే సింథసైజర్‌ను నేను రెండేళ్లుగా కడప, మైదుకూరు, ప్రొద్దుటూరు, రాజంపేట చుట్టుపక్కల పెళ్లి రిసెప్షన్లలోనూ, వినాయక చవితి పందిళ్లలోనూ, క్రిస్మస్ కార్యక్రమాల్లోనూ వాయిస్తున్నాను. కొత్తది కొనే స్తోమత లేక చెన్నైలో ఒక వాద్యకారుని దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. స్టూడియోలో కూర్చొని పాటలు కట్టేవారికి ఈ సమీక్ష పెద్దగా ఉపయోగపడకపోవచ్చు. పల్లె వెలుగు బస్సులో వాద్యాన్ని ఒడిలో పెట్టుకొని వెళ్లి, ట్రాక్టర్ ట్రాలీ మీద కట్టిన స్టేజీ ఎక్కి, తెల్లవారుజామున మళ్లీ అదే బస్సులో తిరిగి వచ్చేవారిని దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను.

అంతకుముందు నా దగ్గర ఉన్నది 14 కిలోల పాత కీబోర్డు. చెక్కపెట్టెతో కలిపి ఇద్దరు పట్టుకుంటే గాని లేచేది కాదు. దాని బరువును ఏళ్ల తరబడి ఓర్చుకున్నాను గాని, మైదుకూరు దగ్గర ఒక పల్లెలో చవితి పందిట్లో జరిగిన సంగతితో దాన్ని వదిలించుకోవాలని నిశ్చయించుకున్నాను. యుగళగీతం చరణం నడుస్తుండగా కరెంటు పోయింది. జనరేటరు వాళ్లు అర నిమిషంలోనే లైన్ మార్చారు, మైకులు పలికాయి, తబలా ఆగనే లేదు, గాయని పాట వదల్లేదు. నా కీబోర్డు మాత్రం మొదటినుంచి తెరుచుకొని, నేను పెట్టుకున్న టోన్‌ను, అంటే ఏ వాద్యం శబ్దం పలకాలో దాన్ని, స్కేల్‌ను మరిచిపోయి, సి స్కేల్‌లో మామూలు పియానోగా లేచింది. ఆమె నాలుగున్నర శ్రుతిలో, అంటే ఎఫ్ షార్ప్‌లో పాడుతోంది. నేను చూసుకోకుండా తీగవాద్యాల శబ్దం అనుకొని పూర్తి కార్డు ఒకటి, అంటే కొన్ని స్వరాలను కలిపి, గట్టిగా నొక్కాను. ముందు వరుసలో కూర్చున్న ఊరి పెద్దాయన తల తిప్పి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

అందువల్ల కొత్త వాద్యం కోసం వెతికేటప్పుడు టోన్ల సంఖ్యను నేను మొదట చూడలేదు. అమ్మేవాళ్లు మొదట చెప్పేది అదే, వేయి టోన్లు, పన్నెండు వందల టోన్లు అని. నాలుగు గంటల కచేరీలో నేను వాడేవి ఇరవైకి మించవు. నేను చూసుకున్నవి మూడు: ఒక్కడినే భుజాన వేసుకొని నడవగలనా, కరెంటు పోయినా పలుకుతుందా, పాట నడుస్తుండగా చీకట్లో చేతికి అందే బొత్తాంతో టోన్ మార్చగలనా.

బరువు విషయంలో ఇప్పుడు మనకు దొరికేవన్నీ ఒకప్పటి వాద్యాలతో పోలిస్తే బొమ్మల్లాంటివే. 1983లో వచ్చి ప్రపంచమంతటా సినిమా సంగీతం ధ్వనినే మార్చిన యమహా డీఎక్స్ 7 బరువు 14 కిలోల పైమాటే, దానిలో ఒకేసారి పలికే స్వరాలు 16 మాత్రమే. జూనో డీఎస్ 61 బరువు 5.3 కిలోలు, స్వరాలు 128. యమహా ఎంఎక్స్ 61 ఇంకా తేలిక, 4.8 కిలోలు. కోర్గ్ క్రాస్ 2 వాద్యంలో 61 మెట్లది 3.8 కిలోలే. యమహా మోడిఎక్స్ 6 బరువు 6.6 కిలోలు గాని, దాని ధర నా లెక్కకు అందేది కాదు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇదే పేర్లతో 88 మెట్ల రూపాలు కూడా ఉన్నాయి, వాటిని చూసి మోసపోకూడదు. జూనో డీఎస్ 88 బరువు 16 కిలోలు దాటుతుంది, ఎందుకంటే దానిలో పియానో మెట్లలా బరువుగా అణిగే యంత్రాంగం ఉంటుంది. మనం వాయించే సినిమా పాటలకు 61 మెట్లు, అంటే ఐదు స్థాయిలు, చాలినంత.

ఒకేసారి పలికే స్వరాల సంఖ్య ఎందుకు ముఖ్యమో కొత్తవారికి చెప్పడం అవసరం. పదివేళ్లతో పది స్వరాలే కదా నొక్కేది, 128 ఎందుకు అని మా శిష్యుడొకడు అడిగాడు. తీగల టోన్ ఒకటి, దాని కింద కోరస్ లాంటి మరొక టోన్ కలిపి పెట్టి, వేలు తీసినా స్వరాన్ని మోగిస్తూ ఉంచే సస్టెయిన్ పెడల్‌ను కాలితో తొక్కిపట్టి కార్డులు మారుస్తూ పోతే, పాత కార్డులు చల్లారకముందే కొత్తవి చేరుతుంటాయి. ఒక్కొక్క టోన్ లోపల రెండు మూడు పొరలుంటే లెక్క త్వరగా పెరుగుతుంది. పరిమితి దాటితే వాద్యం పాత స్వరాలను నిశ్శబ్దంగా తుంచేస్తుంది, వినేవారికి సంగీతం పలచబడినట్టు అనిపిస్తుంది. జూనోలో రెండేళ్లలో ఆ ఇబ్బంది నాకు ఒక్కసారి కూడా కలగలేదు.

ఎంఎక్స్ 61ను నేను చెన్నైలో ఒక దుకాణంలో హెడ్‌ఫోన్ పెట్టుకొని గంటసేపు వాయించి చూశాను. పియానోలు, బ్రాస్ శబ్దాలు, ముఖ్యంగా ఎలక్ట్రిక్ పియానో, నా చెవికి జూనోలో కంటే బాగున్నాయని నిజాయతీగా ఒప్పుకోవాలి. ఆ కంపెనీ పెద్ద వాద్యమైన మోటిఫ్ ఎక్స్‌ఎస్ నుంచి తెచ్చిన ధ్వనులు అవి. అయితే అది బ్యాటరీలతో నడవదు, మన సొంత శాంపిళ్లను, అంటే రికార్డు చేసిన శబ్దాలను, దానిలోకి ఎక్కించుకోలేము. నాకు మొదటి లోపం ఒక్కటే చాలింది. క్రాస్ 2 బ్యాటరీలతో నడుస్తుంది, ఆరు పెన్సిల్ సెల్స్ చాలు. శాంపిళ్లు తీసుకొని వాయించడానికి పదహారు ప్యాడ్‌లు కూడా ఉన్నాయి. ఒంటరిగా ప్రయాణించే ఆడపిల్లలకు, విద్యార్థులకు నేను దాన్నే సూచిస్తాను. దాని మెట్లు నా వేళ్లకు మరీ పలచగా తగిలాయి. వేగంగా స్వరాలు పలికించేటప్పుడు పక్క మెట్టు మీదికి వేలు జారింది. అది నా అలవాటు దోషమే కావచ్చు. మన ఆర్కెస్ట్రాల్లో ఎక్కువగా కనిపించే ఎక్స్‌పీఎస్ 10 కూడా అదే రోలాండ్ కంపెనీది. ధర తక్కువ, మరమ్మతు తెలిసినవాళ్లు దొరుకుతారు, దాని శాంపిళ్లు ఒకరి పెన్ డ్రైవ్ నుంచి మరొకరి పెన్ డ్రైవ్‌కు జిల్లా అంతా తిరుగుతూనే ఉంటాయి. అది అడాప్టర్ మీదే ఆధారపడుతుంది. జనరేటరు ఉన్న పట్టణపు కళ్యాణ మంటపాల్లోనే వాయించేవారైతే అదనపు డబ్బు పెట్టకుండా దానితోనే సరిపెట్టుకోవచ్చు.

జూనోలో నాకు అన్నిటికంటే నచ్చినది ఎడమచేతి వైపున్న బెండ్ లివర్. యమహా వాద్యాల్లో స్వరాన్ని వంచడానికి ఒక చక్రం, కంపనకు మరొక చక్రం ఉంటాయి. రోలాండ్‌లో రెండు పనులకు ఒకటే పిడి, పక్కలకు నెడితే స్వరం వంగుతుంది, ముందుకు నెడితే కంపిస్తుంది. వేణువు టోన్‌తో మన పాటలు వాయించేవాడికి ఈ తేడా చిన్నది కాదు. మోహన రాగంలో రిషభం నుంచి గాంధారానికి జారాలంటే రెండు అర్ధస్వరాల దూరం. చాలా టోన్లలో బెండ్ పరిధి, అంటే స్వరం వంగే దూరం, రెండు అర్ధస్వరాలే పెట్టి ఉంటుంది కాబట్టి ఆ జారు సులువుగా వస్తుంది. గాంధారం నుంచి పంచమానికి మాత్రం మూడు అర్ధస్వరాలు. లివర్ చివరిదాకా నెట్టినా స్వరం పంచమం అంచున నిలిచిపోతుంది, సభలో సంగీతం తెలిసిన ఒక్కరున్నా ముఖం చిట్లిస్తారు. నేను వేణువు, సన్నాయి టోన్లు రెండింటినీ పరిధి మూడుకు మార్చి వేరుగా దాచుకున్నాను. ఆ తర్వాత పిడిని ఎంత నెట్టాలో చేతికి మళ్లీ నేర్పడానికి నెల పట్టింది. మెట్టు నొక్కిన తర్వాత వేలితో మరికాస్త అదిమి స్వరానికి ప్రాణం పోసే సౌకర్యం, ఆఫ్టర్‌టచ్ అంటారు, జూనోలో లేదు. ఈ ధరలో అది ఆశించకూడదు గాని, దాని లోటు నాకు తెలుస్తూనే ఉంటుంది.

వాద్యాన్ని రెండుగా చీల్చే స్ప్లిట్, రెండు టోన్లు కలిపే డ్యూయల్ రెండింటికీ ముఖం మీదే వేర్వేరు బొత్తాలున్నాయి. బాస్ గిటారు వాయించేవాడు రాని రోజు ఎడమచేత్తో బాస్, కుడిచేత్తో తీగలు వాయించడానికి ఇదే ఆధారం. ఇష్టమైన టోన్లను ఫేవరిట్ కింద వరుసలో దాచుకొని, ఆ రాత్రి పాటల క్రమానికి తగినట్టు ముందే పేర్చుకుంటాను. ఒక టోన్ నుంచి మరొక దానికి మారే క్షణంలో ముందరి ధ్వని తోక తెగిపోవడం ఈ తరగతి వాద్యాల్లో మామూలే. మోడిఎక్స్ లాంటి పై తరగతి వాటిలో దానికి ప్రత్యేక ఏర్పాటు ఉంది. ఇక్కడ మనమే పల్లవి చివర ఊపిరి తీసుకునే చోట మార్చుకోవాలి. సన్నాయి శబ్దం లోపల ఉంది గాని, అది మన మేళగాళ్ల నాదస్వరానికి చాలా దూరం. ముహూర్తం వేళ ఎలాగూ మేళమే వాయిస్తుంది కాబట్టి రిసెప్షన్ కచేరీలో అది పెద్ద సమస్య కాలేదు. నాదస్వరం తప్పనిసరైన పాటలకు పెన్ డ్రైవ్ నుంచి శాంపిల్ ఎక్కించుకున్నాను.

బ్యాటరీల సంగతి. అడుగున ఎనిమిది పెన్సిల్ సెల్స్ పడతాయి, అవి మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ రకానివే కావాలి. బడ్డీ కొట్లో దొరికే మామూలు సెల్స్ పనికిరావు. కార్యక్రమం మొదలుపెట్టేది అడాప్టర్ మీదే అయినా, సెల్స్ ఎప్పుడూ లోపలే ఉంచుతాను. చెప్పుకోదగ్గ విషయమేమిటంటే, మొన్న చవితికి పెండ్లిమర్రి వైపు ఒక పందిట్లో జనరేటరు మొరాయించినప్పుడు మైకులు కూడా లేకుండా, నా చిన్న బ్యాటరీ స్పీకరును తగిలించి, గాయకుడు గొంతెత్తి పాడుతుంటే రెండు భక్తి పాటలు పూర్తిచేశాము.

అడాప్టర్ విషయంలో మాత్రం ఒకరి అడాప్టర్ మరొకరు వాడుకునే అలవాటు మానుకోవాలి. రోలాండ్ కీబోర్డుల అడాప్టర్లలో చాలావాటికి 9 వోల్టులు, పిన్ను లోపలి మొన మైనస్. యమహా వాటిలో సాధారణంగా 12 వోల్టులు, లోపలి మొన ప్లస్. రెండూ ఒకే లావుతో ఉండి ఒకదాని రంధ్రంలో మరొకటి చక్కగా దూరుతాయి. మా బృందంలో ఒకరి వాద్యం హడావిడిలో అలాగే మూగబోయింది. పెడల్ కథ కూడా ఇలాంటిదే, ఈ రెండు కంపెనీల పెడళ్లు సాధారణంగా ఒకదానికొకటి తలకిందులుగా పనిచేస్తాయి, ఒకదాన్ని తెచ్చి మరొకదానికి పెడితే తొక్కినప్పుడు శబ్దం ఆగి, వదిలినప్పుడు మోగుతూనే ఉంటుంది. అడుగున ఈ తలకిందులను సరిచేసే పోలారిటీ స్విచ్ ఉన్న పెడల్ కొనుక్కుంటే ఏ వాద్యానికైనా పనికొస్తుంది.

పాతది కొనేవారు దుకాణదారుని మాటల కంటే తమ వేళ్లను నమ్మాలి. పియానో టోన్ పెట్టి, 61 మెట్లనూ ఒక్కొక్కటిగా, చీమను కూడా చంపనంత మెల్లగా నొక్కి చూడండి. ఏదైనా ఒక స్వరం ఉన్నట్టుండి చెవి పగిలేలా మోగితే, మెట్టు కింద రబ్బరు బుడిపెల దగ్గర దుమ్ము చేరిందని అర్థం. మెట్టు ఎంత వేగంగా దిగిందో కొలిచే రెండు స్పర్శల్లో ఒకటి అందకపోతే వాద్యం దాన్ని పెద్ద దెబ్బగా లెక్కగడుతుంది. విప్పి శుభ్రం చేస్తే పోయేదే కాబట్టి భయపడనక్కరలేదు, ధర తగ్గించమని అడగవచ్చు. బెండ్ లివర్ వదలగానే సరిగ్గా మధ్యకు వస్తోందా, అడాప్టర్ పిన్ను కదిపితే తెర మినుకుమంటోందా అనేవి కూడా అక్కడే చూసుకోవాలి. నేను కొన్న దానిలో అలాంటి మెట్లు రెండు తేలాయి, బేరంలో ఆ మేరకు తగ్గించుకున్నాను.

ఇక స్టేజీ మీద గురగుర. కీబోర్డు నుంచి మిక్సర్ దాకా పొడవైన మామూలు జాక్ వైరు లాగితే, దారిలో లైట్ల తీగల పక్కన పడి ఆ ఝుంకారమంతా మోసుకొస్తుంది. మైకు సెట్టు కుర్రవాడు ఎప్పుడూ "అన్నా, మీ కీబోర్డులోనే వస్తాంది సౌండు" అంటాడు. కీబోర్డు ధ్వనిని గురగుర సోకని మైకు వైరులోకి మార్చే చిన్న డీఐ బాక్స్ ఒకటి కొనుక్కొని, కీబోర్డు నుంచి దానికి రెండు మీటర్ల వైరు, అక్కడి నుంచి మైకు వైరు వేసినప్పటి నుంచి ఆ మాట వినబడలేదు.

నేను ముందుగా ఊహించని చిక్కు ఒకటి ఈ తేలికతోనే వచ్చింది. పాత 14 కిలోల వాద్యం స్టాండు మీద కొండలా కూర్చునేది. ఇది అలా కాదు. పల్లెల్లో బల్లలు పరిచి కట్టిన స్టేజీ మీద డ్యాన్సు కుర్రాళ్లు దూకడం మొదలుపెడితే స్టాండుతో పాటు ఇదీ ఎగురుతుంది. రాయచోటి దగ్గర ఒక కచేరీలో జానెడు దూరం పక్కకు జరిగిపోయిన వాద్యాన్ని మోకాలితో ఆపుకుంటూ పాట ముగించాను. ఇప్పుడు స్టాండు చేతులకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి, మీద నుంచి లగేజీ బెల్టుతో కీబోర్డును బిగించి కడుతున్నాను. అయినా మాస్ పాట వస్తే ఎడమ మోకాలు దానంతట అదే ముందుకు వెళ్తుంది.